మూడు నిమిషముల ఏకాంతము

లక్కతో చేసిన నల్లని గ్రామఫోను రికార్డు నిమిషమునకు 78 మారులు తిరుగును. పది అంగుళముల ప్లేటైనచో ఒక ప్రక్కన మూడు నిమిషములకు కొంచెము మించి పాట పట్టదు. కచేరీలో విద్వాంసుడు రాగమును ముట్టుకొనుటకైనను చాలని ఆ వ్యవధిలో ఒక స్త్రీయు, ఒక పురుషుడును ఎదురుపడవలెను, అలుగవలెను, బ్రతిమాలుకొనవలెను, మరల ఒకటి కావలెను. 1940 ప్రాంతమున సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గార్లు కలిసి పాడిన పాటలలో జరిగినది ఇదియే. వాని వెనుక సినిమా కథ లేదు. నాటకమునందలి ఘట్టము లేదు. ఆ ఇద్దరెవరో, ఏ ఊరివారో, అంతకుముందేమి జరిగినదో వినువానికి ఎవ్వరును చెప్పరు. పాట ముగిసినంతనే వారును మాయమగుదురు.

ఇట్టి పాటలకు జనము పెట్టిన పేరు ‘ప్రైవేటు పాటలు’. సినిమాకు చెందనివి కనుక ప్రైవేటు. ఆ ఇంగ్లీషు మాటకు ‘ఏకాంతము’ అను అర్థము కూడ నుండుట కాకతాళీయమే కావచ్చును గాని, ఇంతకన్న తగిన పేరు పండితులు కూడ పెట్టజాలకపోయిరి. వారు పెట్టిన ‘లలిత సంగీతము’ అను పేరు రేడియోవారి పట్టికలలో నిలిచినది. పాటలు మాత్రము ఇండ్లలో ప్రైవేటు పాటలుగనే మిగిలినవి.

నేడు పాశ్చాత్య దేశములలో పెద్ద కంపెనీల అదుపునకు లోబడక నలుగురైదుగురు యువకులు కూడి స్వంత పాటలు కట్టుకొని పాడినచో దానిని ‘ఇండీ’ సంగీతమనుచున్నారు. ఇండీ యనగా స్వతంత్రము. పది పన్నెండు పాటలను ఒక భావసూత్రమున గ్రుచ్చి ఆల్బముగ వెలువరించుట, అందు తమ ప్రేమలను, విరహములను, తెగిపోయిన స్నేహములను చెప్పుకొనుట, వినికిడి కలవాటులేని ధ్వనులతో ప్రయోగములు చేయుట వారి పద్ధతి. ఇదంతయు క్రొత్తగ పుట్టినదని మన యువకులు తలంచుట సహజము. తెలుగునాట దానికి తాతవంటి ప్రయత్నమొకటి కలదు. దానికి గిటారు లేదు, ఆల్బమను పేరును లేదు. ఒక్కొక్క రికార్డునకు రెండు ప్రక్కలు మాత్రముండెను.

రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దాపున శివరామపురమున జన్మించిరి. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగము వాయించువారు, పాటలు వ్రాయువారు. బాలుని గొంతు విని గ్రామఫోను కంపెనీవారు పదేండ్లు దాటిన కొలది కాలమునకే రికార్డులు ఇప్పించిరి. 1935లో వచ్చిన ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున ఆ బాలుడే కృష్ణుడు. ఆ దశకము చివర ఆయన కలకత్తా చేరెను. ఆ నగరమున న్యూ థియేటర్సు సంస్థలో పంకజ్ మల్లిక్, ఆర్. సి. బొరాల్ వంటివారు క్రొత్త సంగీతమును వండుచున్న దినములవి. సైగల్ పాడుచున్నాడు. రవీంద్రుని గీతములు వెండితెర మీదికి వచ్చుచున్నవి. సాలూరు నుండి వచ్చిన యువకునకు అచట దొరికినది రాగములకన్న విలువైనది: మెల్లగ పాడినను వినబడునన్న ధైర్యము.

ఈ మాట కొంత వివరింపదగినది. అంతకుముందు మన రంగస్థలనటుడు పద్యమెత్తుకొనినచో పందిరి చివరనున్న ప్రేక్షకునకు వినబడవలెను. కనుక ప్రేమించినను అరచి ప్రేమింపవలెను. తొలినాటి రికార్డింగు యంత్రములకును అదియే అవసరము. పాడువాడు పెద్ద బాకా ఎదుట నిలిచి గొంతు చించుకొనినగాని సూది కదలదు. 1925 నుండి మైకుతో ముద్రించు విద్యుత్ పద్ధతి వచ్చెను. అప్పుడు గుసగుసయు ప్లేటు మీద గీతయై నిలుచుట సాధ్యమాయెను. యంత్రము మారినను గాయకుల అలవాటు వెంటనే మారలేదు. మైకు ఎదుట నిలిచియు పందిరి చివరివానికొరకే చాలమంది పాడిరి. మైకును ఒక చెవిగ భావించి, ఆ చెవిలో చెప్పినట్లు పాడిన తెలుగువారిలో రాజేశ్వరరావు గారు ముందువరుసలోనివారు. ఆయన గొంతు పెద్దది కాదు. పెద్దది కాకపోవుటయే ఆ పాటలకు బలమైనది.

బాలసరస్వతీదేవి గారు ఆయనకన్న ఆరేండ్లు చిన్న. 1928లో జన్మించిరి. పసితనముననే గ్రామఫోనున పాడిరి. 1936లో సి. పుల్లయ్య గారు పిల్లలతో తీసిన ‘సతీ అనసూయ – ధ్రువ విజయము’ చిత్రమున నటించిరి. 1940లో గూడవల్లి రామబ్రహ్మము గారి ‘ఇల్లాలు’ చిత్రమున ఈమెయు, రాజేశ్వరరావు గారును కలిసి తెరమీద కనబడిరి. 1943లో ‘భాగ్యలక్ష్మి’ చిత్రమున కమలా కోట్నీసునకు పాడి తెలుగున తొలి నేపథ్యగాయని యనిపించుకొనిరి. తాను కనబడక గొంతు మాత్రమే వినిపించు విద్య ఆమెకు సినిమా నేర్పినది కాదు. గ్రామఫోను ముందే నేర్పియుండెను.

వీరిద్దరి యుగళములలో ‘తుమ్మెదా ఒకసారి’, ‘కోపమేల రాధా’ అనునవి వినినవారు మరువనివి. రాజేశ్వరరావు గారు ఒంటరిగ పాడిన ‘చల్లగాలిలో’, ‘పాట పాడుమా కృష్ణా’ అనునవి అంతకన్న విరివిగ తిరిగినవి. వానిలో సంగతులు తక్కువ, స్వరకల్పన లేదు. చరణమునకు చరణమునకు నడుమ వాద్యబృందము ముందుగ కూర్చుకొనిన చిన్న తునకను వాయించును. గాయకుడు ఊపిరి పీల్చుకొనుటకు వాద్యము నింపిన ఖాళీ కాదది. ఒకరు మాటాడి ఊరకున్నపుడు ఎదుటివారి మనసులో జరుగుదానికి ఆ తునక చోటిచ్చును. కర్ణాటక సంప్రదాయమెరిగినవారు ఆ దినములలో దీనిని పలుచనిదని తీసివేసిరి. హిందూస్తానీ పోకడ, వంగదేశపు గాలి, పడమటి వాద్యముల మేళనము — ఇన్ని ఒకచో చేరినవి కనుక ఇది ఏ గూటి పక్షి యని అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఏ గూటిదియు కాకుండుటయే ఆ పాటలు చేసిన ప్రయోగము.

అయినను వీని వేరు తెలుగులోనే కలదు. స్త్రీపురుష సంబంధమును ఇంత నిశితముగ పరిశీలించిన సంగీతము క్షేత్రయ్య పదములకన్న వేరొకటి మనకు లేదు. తిరుమలనాయకుని కొలువున, తంజావూరి విజయరాఘవుని కొలువున, గోలకొండ పాదుషా కొలువున తాను వేలకొలది పదములు చెప్పినట్లు ఆయనయే ఒక పదమున లెక్కచెప్పెను; గోలకొండకు చెప్పినవి పదునైదు వందలట. ఆ గోలకొండ రాజ్యము 1687లో కూలెను. నగరమునకు దక్షిణముగ, నేటి రంగారెడ్డి జిల్లా మహేశ్వరమున అక్కన్న మాదన్నల పేరుతో చెప్పుకొనబడు శివగంగ ఆలయమును, కోనేటిని చూచినవారికి ఆ కొలువు తెలుగు ఎంత దట్టమైనదో తోచకపోదు. పాదుషా వినిన పదునైదు వందలలో మనకు చిక్కినవి ఎన్ని యన్నది వేరు కథ.

క్షేత్రయ్య పదమున సాధారణముగ ముగ్గురుందురు. నాయిక, నాయకుడు, వారి నడుమ చెలికత్తె. నాయిక తన మనసు నాయకునితో చెప్పుకొనుటకన్న చెలితో చెప్పుకొనుటయే ఎక్కువ. నింద, ఈర్ష్య, పశ్చాత్తాపము అన్నియు చెలి చెవినుండియే మన చెవికి చేరును. గ్రామఫోను యుగళమున ఈ చెలికత్తె లేదు. మూడు నిమిషములలో ముగ్గురకు చోటు చాలకపోయెనో, లేక కాలమే ఆమెను సాగనంపెనో గాని, ఇద్దరును ముఖాముఖి నిలిచిరి. తుమ్మెదను పిలిచి పాడుటలో పాత దూత ఛాయ కొంత మిగిలినది. పోతన గోపికలును కృష్ణుని మీది నిష్ఠూరమును తుమ్మెద మీద పెట్టియే పలికిరి గదా. కాని ఈ రికార్డులో తుమ్మెద పేరు పిలిచి పాడునది ఒకరు, దానిని ప్రక్కనే నిలిచి వినువారు ఇంకొకరు. ఒక్క మైకు ఎదుట ఇద్దరును భుజము భుజము కలిపి నిలిచి పాడవలసిన దినములవి. దూతకు పని లేని దూరమది.

ఈ మార్పు సంగీతమునకు మాత్రమే సంబంధించినది కాదు. పదమాడిన, పాడిన కళావంతుల కుటుంబములను సంఘము ఆ దశాబ్దములలోనే వెలివేయుచుండెను. దేవదాసీ సమర్పణను నిషేధించు చట్టము మదరాసు రాష్ట్రమున 1947లో వచ్చెను. ఆచారములోని అన్యాయమును తొలగింపబోయి, దానితోపాటు పాటను, పాట పాడిన స్త్రీ గౌరవమును కూడ బయట పడవేసిరి. అదే సమయమున రాయప్రోలు సుబ్బారావు గారు అమలిన శృంగారమును ప్రతిపాదించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఊర్వశిని పిలిచిరి. నండూరి సుబ్బారావు గారి ఎంకి 1920లలో ఇంటింట పాటయై తిరిగెను. భావకవుల ప్రేయసి సుందరి, సుకుమారి. ఆమె లేక కవికి ఊపిరియాడదు. చిక్కొక్కటే: ఆమె మాట్లాడదు. మాటలన్నియు కవివి. ఎంకి కూడ నాయుడుబావ చెప్పగ మనకు తెలిసినంతగా తన నోట చెప్పుకొనగ తెలియదు. క్షేత్రయ్య నాయిక మగని నిలదీసి అడిగిన గడ్డమీద మూడు వందల ఏండ్ల తరువాత ఆడుది కవితలో మూగదాయెను.

యుగళగీతము ఆమెకు నోరిచ్చెను. మాటలు వ్రాసినవారు పురుషులే, వరుస కట్టినవారు పురుషులే. అయినను పాటలో సగము ఆమె గొంతు. సమాధానము ఆమె చెప్పవలెను. చెప్పకున్న పాట ముగియదు. బాలసరస్వతీదేవి గారి గొంతులో బేలతనమున్నదని కొందరందురు. నిదానముగ వినినచో అది బేలతనము కాదు, తొందరపడకపోవుట. పురుషుని పలుకు ముగిసిన పిమ్మట ఆమె అందుకొనుచోట ఒక రవంత జాగు ఉండును. ఒప్పుకొనుటకు ముందు ఆలోచించు స్త్రీ ఆ జాగులో కలదు.

ఆ స్త్రీకి ఇల్లు ఎంత చోటిచ్చెనన్నది ఆమె జీవితమే చెప్పును. 1944లో కోలంక సంస్థానాధీశుని వివాహమాడిన పిమ్మట ఆమె నటనకు స్వస్తి చెప్పిరి. కొంతకాలము తెరవెనుక పాడి, క్రమముగ ఆ పాటయు తగ్గించుకొనిరి. యుక్తవయసున ప్రేమను అంత స్పష్టముగ పలికిన గొంతు నడివయసునకు వచ్చుసరికి సినిమాలకు దూరమైనది. వదలిపెట్టిన పాటల లెక్క ఏ రికార్డు మీదను ఉండదు.

ఇక్కడ రాధాకృష్ణుల మాట వచ్చును. ఈ పాటలలో చాలవానికి యమునాతటి, మురళి, బృందావనము తప్పవు. భక్తి యనవలెనన్న భక్తి, వలపనవలెనన్న వలపు. నడియింట గ్రామఫోను పెట్టి, అత్తమామలు, ఆడబిడ్డలు, పిల్లలు కూర్చుండి వినవలసిన పాటకు ఈ ముసుగు అవసరము. క్రొత్తకోడలు ‘కోపమేల రాధా’ వినుచు తనకు తగిన అర్థము తాను తీసికొనును. అత్తగారు తనకు తగినది తాను తీసికొనును. ఇద్దరును ఒకే పాటకు తలయూతురు. దీనిని పిరికితనమని నేటివారు త్రోసివేయవచ్చును. కాని ఒకే ప్లేటు మీద ఇందరి రహస్యములు ఒకరి కొకరికి తెలియకుండ ఇముడుట సామాన్యమైన నేర్పు కాదు.

పడమటివారి దారి దీనికి సరిగ ఎదురు. 1977 ఫిబ్రవరిలో ఫ్లీట్‌వుడ్ మాక్ అను బృందము ‘రూమర్స్’ అను ఆల్బము వెలువరించెను. పేరునకు వదంతులని అర్థము. అది తయారగుచుండగనే బృందములోని దంపతులు విడిపోయిరి. అందులోనే ప్రేమికులైన మరియొక జంటయు విడిపోయినది. డోలు వాయించువాని కాపురమును చెదిరినది. విడిపోయినవారు పగలంతయు ఒకే గదిలో కూర్చుండి, ఒకరిపై ఒకరు వ్రాసికొనిన పాటలకు ఒకరికొకరు వంత పాడిరి. తనను నిందించు పాటకు తానే కమ్మగ గొంతు కలుపుట ఎట్టి అనుభవమో ఊహింపదగినది. ఆ ఆల్బము నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయినది. వినువారికి పాటతోపాటు వ్యక్తుల పేర్లు, తేదీలు, తగవులు అన్నియు తెలియును. మన పాటలో పేరు దాగును, బాధ బయటపడును. వారి పాటలో రెండును బయటనే యుండును. ఏది నిజాయితీ యనిన ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పరాదు. పేరు తెలిసినపుడు మనము వారి కథ విందుము. పేరు తెలియనపుడు మన కథనే విందుము.

రాజేశ్వరరావు గారు తరువాత సినిమా సంగీతమున మహావృక్షమైరి. 1951 ‘మల్లీశ్వరి’, 1955 ‘మిస్సమ్మ’ చిత్రముల పాటలు వినునపుడు ఆ పాత ప్రైవేటు పాటల మెలకువలు అడుగడుగున తగులును. సినిమా ఆ మెలకువలను పుచ్చుకొని, వానికి కథను, నటీనటుల ముఖములను తగిలించెను. ప్రైవేటు పాటకు అంతకుమించిన ప్రత్యర్థి లేకపోయెను. ఘంటసాల గారు మాత్రము సినిమాలలో తీరికలేని కాలమున కూడ ఆ త్రోవను విడువలేదు. ‘బహుదూరపు బాటసారి’ వారే వ్రాసి, వారే పాడిరి. ఆ పాటలో ఇద్దరును లేరు, ఒక్కడే నడచుచుండును. దాశరథి గారి ‘తలనిండ పూదండ’ ఆ గొంతున వచ్చినది. నిజాము చెరలో గోడమీద బొగ్గుతో పద్యము వ్రాసిన కవి పూలజడను చూచి ఇంత మెత్తబడినాడా యని ఆశ్చర్యపడువారు కవులను దూరమునుండి చూచినవారు.

సంబంధమనగ వలపొక్కటే కాదు. ఈ సంగతి తెలిసికొని పాట కట్టిన ఘనత పాలగుమ్మి విశ్వనాథము గారిది. ఆయన రేడియోలో లలిత సంగీతమునకు జీవితమంతయు ధారవోసినవారు. ‘అమ్మదొంగా’ అను పాట ఆయన వ్రాసి వరుస కట్టగా వేదవతీ ప్రభాకర్ గారు పాడిరి. అది తల్లి గొంతు. కూతురు ఎదుటనే యున్నది, చిట్టిపొట్టి మాటలు చెప్పుచున్నది. తల్లికి మాత్రము ఆ మాటలు వినబడని దినము ఇప్పుడే వినబడుచున్నది. పెండ్లియై పోవు కూతురిని గూర్చి మన జానపదులలో అప్పగింతల పాటలు కోకొల్లలు. అవి పందిట్లో నలుగురును ఏడ్చుటకు. ఇది పందిరి పడుటకు ఎన్నో ఏండ్ల ముందు, పిల్లను ఒడిలో పెట్టుకొని, ఏడవకుండ పాడునది. రాధ లేదు, కృష్ణుడు లేడు, ముసుగు లేదు. వింతయేమనగా ఈ పాటకు ముసుగు అవసరమనియు ఎవ్వరికి తోచలేదు. ఆలుమగల ప్రేమకు దేవతల పేర్లు అడ్డుపెట్టుకొనిన ఇల్లే, తల్లీకూతుళ్ల ప్రేమను పేరు పెట్టి పిలుచుకొనినది. ఏ బంధమును బయట చెప్పుకొనవచ్చునో, దేనిని చెప్పుకొనరాదో ఆ ఇంటికి బాగుగ తెలియును.

నేడు హైదరాబాదున యువకులు బృందములు కట్టి తెలుగున స్వంత పాటలు పాడుచున్నారు. వారిలో ‘చౌరస్తా’ బృందము పల్లెపదమును పరదేశపు రెగ్గీ లయతో కలిపి పాడి పేరు పొందినది. నగరమున అలసినవానికి ఊరితో గల బంధమును వారు పాడినపుడు, ఊరు కూడ ఒక విడిచివచ్చిన మనిషివలెనే వినబడును. అందు మునుపు పాడిన రామ్ మిరియాల 2021 నాటి ‘జాతిరత్నాలు’ చిత్రమున పాడిన పాట ఇంటింట మ్రోగెను. వెనుక రాజేశ్వరరావు గారిని పిలిచిన చేయియే ఇప్పుడును పిలుచుచున్నది. ప్రైవేటు పాటకు సినిమా ఇప్పటికిని పెద్దింటి సంబంధమే.

స్వతంత్రమను మాటను గూర్చి ఒక చిక్కు చెప్పకతప్పదు. ఆనాటి పాటలు సినిమాకు స్వతంత్రములైనను గ్రామఫోను కంపెనీకి కావు. ఏ పాట ముద్రింపవలెనో, ఎన్ని ప్రతులు తీయవలెనో నిర్ణయించినది కంపెనీయే. కలకత్తా దమ్‌దమ్‌లోని కార్ఖానాలో అచ్చుపడి రికార్డులు దక్షిణాదికి రావలెను. నేటి బృందము ఇంటి గదిలోనే పాట ముద్రించుకొని సాయంత్రమునకే లోకమున విడువగలదు. ఐనను విన్నవాడు రెండవ నిమిషమున వ్రేలితో నెట్టివేసిన ఆ పాట గతి అంతే. మరచుట్టి, సూది మార్చి, ప్లేటు పెట్టినవాడు పాట నచ్చకున్నను చివరిదాక వినెను. అంత శ్రమపడిన తరువాత లేచిపోవుట ఎవరికి మనసొప్పును?

ఆ ప్లేట్లు పెళుసు. చేయిజారినచో ముక్కలే. ముక్కలు కానివి సూది రాపిడికి అరిగినవి. కొన్నిటిమీద గాయకుల పేర్లు తెలియుచున్నవి గాని మాట వ్రాసినవారి పేరు లేదు. ఒకే పాటను ఒకరు సన్యాసిరాజు గారిదనియు, వేరొకరు ఇంకొకరిదనియు వాదించుకొనుచున్నారు. సేకరణకర్తలు అటకల మీదను, పాతసామానుల అంగళ్లలోను వెదకి తెచ్చి, ప్లేట్లు కడిగి, పాటలను క్రొత్త యంత్రములలోనికి ఎక్కించిరి. కొందరు గీరుశబ్దమును కూడ తుడిచివేయబోగా దానితోపాటు గొంతులోని తడియు పోయినది. కనుక మరల శబ్దముతోనే ఉంచిరి.

రాజేశ్వరరావు గారు 1999లో కన్నుమూసిరి. బాలసరస్వతీదేవి గారు 2025 అక్టోబరులో, తొంబదియేడేండ్ల వయసున, హైదరాబాదున తుదిశ్వాస విడిచిరి. ఆ దినమున చాలమంది ఫోనులలో ‘తుమ్మెదా ఒకసారి’ వినిరి. మొదట సూది గీరుకొను చప్పుడు, పిమ్మట వాద్యము, ఆ పిమ్మట ఆయన గొంతు, రవంత జాగు చేసి ఆమె గొంతు.